తొలిచేప పొట్టకొవ్వు

1. పండక్కి ఇరవై మూడు రోజులు

ఇది కాగితం మీద రాస్తున్నాను. తెర పలక మీద రాస్తే నేరుగా గట్టు ఆసుపత్రికి పోతుంది. అక్కడెవరో చదివి, "ముత్యాలు గారూ, మీ నివేదికలో సొంత గోల ఎక్కువైంది" అని చురక వేస్తారు. పదకొండేళ్ళుగా వేస్తూనే ఉన్నారు. ఈసారి నా గోల నా దగ్గరే ఉంచుకుంటాను. పాత పడవ రిజిస్టరులో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి, అవి చాలు.

ఇవాళ పండురెడ్డి మావని ఎర్రదిబ్బ మీద దహనం చేశాం. ఎర్రదిబ్బ అంటే మా తాతల నాటి కొండే. జలాశయం వచ్చాక కొండంతా మునిగి నెత్తి ఒక్కటే మిగిలింది. మేం దాని చుట్టూ నీళ్ళ మీద తెప్పలు కట్టుకుని ఉంటాం, అరవై రెండు ఇళ్ళు.

ఊళ్ళో ఆసుపత్రి మనిషిని నేనే. ఆసుపత్రి పెట్టిన గింజని పోయినవాళ్ళ చేతిలోంచి తీసి గట్టుకి పంపడం నా పని. ఎడమ మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి పట్టకారుతో లాగాలి. బియ్యపు గింజంత ఉంటుంది. మనిషి బతికున్నన్నాళ్ళూ చర్మం కింద వెలుగుతూ ఉంటుంది. షుగరు అదుపులో ఉంటే పచ్చ, పెరుగుతుంటే పసుపు, మితిమీరితే ఎరుపు. మావ చేతిలో ఆరేళ్ళుగా ఎరుపే. కాలు కుళ్ళి పోయాడు. ఒంట్లో పిడికెడు కండ లేదు, జీవితంలో మిఠాయి మొహం చూసినవాడు కాదు.

పోయే ముందు వారం నూకాలత్త నన్ను పిలిచి, "ముసలోడు అన్నం అడగతన్నాడే ముత్యాలూ, గుప్పెడు పెట్టనా?" అంది. "వద్దత్తా, ఎరుపు గదా, చేప పులుసు తాగించు" అన్నాను. రూలు ప్రకారమే చెప్పాను. ఇవాళ చితి దగ్గర అత్త ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

2. ఇరవై ఒక్క రోజులు

పొద్దున్నే చిన్న పడవ వేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. నలభై ఒక్క ఇళ్ళలో ఎరుపు ఉంది. పోయిన నెల కంటే రెండు ఎక్కువ. ప్రతి తెప్ప దగ్గరా అదే పాట పాడాను: అన్నం తగ్గించు, కల్లు మాను, చేప తిను. ఎన్నిసార్లు పాడానంటే బుచ్చిరెడ్డి పెంచే గోరింక కూడా నేర్చేసుకుంది. నా పడవ కనబడితే చాలు, అచ్చం నా గొంతుతో మొదలెడుతుంది. ఊరంతా నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అల్లరి పిల్లల్ని భయపెట్టడానికి కూడా ఆ పిట్టనే వాడుతున్నారు.

మా చెల్లెలి కూతురు బంగారికి ఆరో నెల. మా చెల్లెలు షుగరుతోనే కళ్ళు పోయి, ఆనక మనిషీ పోయింది. అప్పటినుంచీ బంగారికి తల్లీ పిన్నీ నేనే. నిజానికి పెద్దమ్మని, కానీ చిన్నప్పుడు నోరు తిరగక పిన్నీ అని అలవాటు చేసుకుంది. దాని గింజ పసుపుకి తిరిగింది.

"పిన్నీ, ఈ ఏడు తొలిచేప కొవ్వు నాకేనంట. పెదకాపు సెప్పాడు" అంది పొట్ట నిమురుకుంటూ. పెదకాపు అంటే మా ఊరి పెద్ద.

వానలు తగ్గాక పెద్ద వల దింపితే పడే మొదటి వాలుగ మాకు తొలిచేప. దాని పొట్టకొవ్వు మూడు వాటాలు వేస్తాం. ఒకటి అతిథికి, ఒకటి కడుపుతో ఉన్న మనిషికి, ఒకటి ఊళ్ళో అందరికంటే పెద్దవాళ్ళకి. వాళ్ళు నోట్లో పెట్టుకున్నాకే ఊరు తింటుంది. అంతకు మించిన మర్యాద మా దగ్గర లేదు.

పదకొండేళ్ళుగా అతిథి డాక్టరు నళినాక్షి మేడమే. ఏటా వస్తారు, మాతో పాటు నేల మీదే కూర్చుంటారు. ఆకులో వేసిన కొవ్వుని కళ్ళకద్దుకుని, అడ్డాకులో శ్రద్ధగా చుట్టుకుని, "ఇంటికెళ్ళి స్థిమితంగా తింటాను" అంటారు. గట్టు మీది పెద్ద డాక్టరు మన కొవ్వు కళ్ళకద్దుకుందని మావాళ్ళు వారం రోజులు చెప్పుకుంటారు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆవిడే. అందుకే ఆవిడకి ఆకు వేసే పని ఎవరికీ ఇవ్వను.

3. పద్దెనిమిది రోజులు

చేప తినని ఇళ్ళ మీద ఏం చర్య తీసుకున్నారో రాయమని పలక అడిగింది. అలాంటివి నాలుగు ఇళ్ళు. నీటికి మనిషినిచ్చిన ఇళ్ళు అంటాం వాటిని. జలాశయంలో ఎవరైనా మునిగిపోతే ఆ ఇంట్లో పన్నెండేళ్ళు చేప ముట్టరు. మన మనిషిని తిన్న చేపని మనం తింటామా అని. కొర్ర జావ, దిబ్బ మీది దుంపలు, మామిడి టెంక పిండి, అదీ వాళ్ళ తిండి. ఆ పిండిముద్దలు చూసి నేను ఎన్నిసార్లు తిట్టానో లెక్క లేదు.

ఇవాళ చర్య రాద్దామని నాలుగిళ్ళూ వరసగా చూశాను. పంతొమ్మిది మంది. ఒక్క కోడలు తప్ప అందరూ పచ్చ. ఆ పిల్ల మూడేళ్ళ కిందట చేపలు తినే ఇంటినుంచి ఎర్ర గింజతో వచ్చింది, ఇప్పుడు పసుపు.

సోమిరెడ్డి తమ్ముణ్ణి నీటికిచ్చిన మనిషి. నా మొహం చూసి, "నీ పాటం ఇననోళ్ళమే బాగున్నాం, సూశావా ముత్యాలూ?" అన్నాడు. నవ్వాను. పడవెక్కాక నవ్వు రాలేదు. విడివిడిగా అయితే ఏటా చూస్తున్నాను. నాలుగిళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

సాయంత్రం మేడమ్‌కి ఫోను చేశాను. ఏదో కనిపెట్టానన్న సంబరం, దాచడం దేనికి.

"మేడమ్ గారూ, ఒక వింత చూశానండీ. చేప తినని ఇళ్ళలో షుగరు లేదండి."

అవతల తలుపు వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత, "ఎవరికైనా చెప్పావా ముత్యాలూ?" అన్నారు.

"లేదండి. ముందు మీకే."

"మంచిది. పలకలో రాయకు. నేను చూసుకుంటాను."

ఆవిడ చూసుకుంటానన్నారంటే ఇక పని అయినట్టే అనుకున్నాను. హాయిగా నిద్రపోయాను కూడా.

4. పదహారు రోజులు

పలకలో ఆ నాలుగిళ్ళూ లేవు. పేరు కొట్టి చూస్తే, "ఈ కుటుంబాలు పరిశీలన పరిధిలో లేవు" అని వచ్చింది. సోమిరెడ్డి నా ఎదురుగా తెప్ప మీద కూర్చుని వల కుడుతున్నాడు. మనిషి ఉన్నాడు, మణికట్టులో పచ్చ వెలుగు ఉంది, పలకలో మాత్రం లేడు.

5. పదమూడు రోజులు

పండురెడ్డి మావ గింజ మామూలుగా అయితే సరుకుల పడవలో పంపేదాన్ని. ఈసారి నేనే పట్టుకెళ్ళాను. మేడమ్ మీటింగులో ఉన్నారు. యంత్రాల గదిలో ఇజ్రాయేలు ఒక్కడే ఉన్నాడు, మంచి పిల్లాడు, నన్ను అక్కా అంటాడు. గింజని యంత్రంలో పెట్టాడు. గోడ మీద మావ ఆరేళ్ళూ, అంతకు ముందు ఐదేళ్ళూ గీతలుగా వచ్చాయి. ఏడు గీతలు.

"ఏడేంటి ఇజ్రాయేలూ? షుగరు ఒక్కటే గదా గింజ చూసేది?"

"మీ పలకకి ఒక్కటే వస్తదక్కా. మిగతాయి ఇక్కడే ఉంటాయి." నాకు తెలుసనే అనుకున్నాడు పాపం. "ఈ రెండోది మొండి విషం. కొవ్వులో దాక్కుంటది, ఏళ్ళ తరబడి కరగదు, బయటికి పోదు. చిన్న చేపలో ఇసుమంత ఉంటే వాటిని తిన్న వాలుగలో బోల్డంత చేరతది. దాన్ని తిన్న మనిషిలో ఇంకా ఎక్కువ. చూడు, ముందు ఈ గీత లేచింది. రెండేళ్ళకి షుగరు లేచింది. మీ ఊళ్ళో ఎవరి గింజ పెట్టినా ఇదే వరస."

"ఎప్పట్నుంచి చూస్తన్నారు ఇది?"

"గింజలు పెట్టిన రోజు నుంచీ."

నా మొహం చూశాక అతనికి అనుమానం వచ్చినట్టుంది. నీళ్ళు తెస్తానని లేచి చల్లపెట్టెల గదిలోకి వెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను. సీసా తీసుకోవడానికి అతను తలుపు తెరిచిన పెట్టెలో, పై అరలో, అడ్డాకు పొట్లాలు వరసగా ఉన్నాయి. మంచు పట్టి నల్లబడినవి వెనక, ఇంకా ఆకుపచ్చగా ఉన్నవి ముందు. పదకొండు. ఒక్కోదాని మీద సంవత్సరం రాసిన చీటీ. ఆ రాత ఎవరిదో నాకు వేరే చెప్పక్కర్లేదు. నా రాత దాన్ని చూసి దిద్దుకున్నదే.

ఆ పొట్లాలకి పుల్ల గుచ్చి ఇచ్చింది నేను. పదకొండు సార్లూ నేనే.

6. అదే రోజు

మేడమ్ మీటింగు నుంచి వచ్చారు. "కూర్చో ముత్యాలూ" అన్నారు. నేను కూర్చోలేదు.

"మా కొవ్వు మీరు ఎప్పుడన్నా తిన్నారా మేడమ్ గారూ?"

"లేదు" అన్నారు. అబద్ధం చెప్పనందుకు ఇంకా కోపం వచ్చింది.

అన్నీ చెప్పారు. నీళ్ళ కింద పాత గిడ్డంగి ఉందట. పాత నూనె, పురుగుల పొడి, పీపాలు పీపాలు. ముంపుకి ముందు ఖాళీ చేశామని మా అమ్మావాళ్ళకి చెప్పిన గిడ్డంగే. ఖాళీ చెయ్యలేదు. ఇప్పుడు తీస్తే పగులుతాయట. జలాశయ మండలి ఇరవై ఏళ్ళ పరిశీలనకి మాత్రం ఒప్పుకుందట.

"ఇరవై ఏళ్ళ లెక్క చేతిలో ఉంటే ఏ కోర్టూ కాదనలేదు. ఇంకో తొమ్మిదేళ్ళు ఆగు. మీవాళ్ళకి న్యాయం దానితోనే జరుగుతుంది. మధ్యలో చేప మానేస్తే లెక్క చెడిపోతుంది."

"తొమ్మిదేళ్ళకి మావాళ్ళు ఎంతమంది మిగులుతారు?"

"చేప మానిపిస్తే ఏం తింటారు? ఆకలితో పోతారు ముత్యాలూ."

"అన్నం తినేవాళ్ళం. అది మానిపించింది మీరు. నా నోటితో మానిపించారు. చేప ఎక్కువ తినమన్నదీ నా నోటితోనే."

"అన్నం తగ్గిస్తే షుగరు తగ్గే మాట నిజం. నేను అబద్ధం నేర్పలేదు నీకు."

"సగం నేర్పారు" అన్నాను. "మీ రక్తమే అంత, మీ జాతి శరీరమే అంత అని కూడా నేర్పారు. పదకొండేళ్ళు మావాళ్ళు వాళ్ళ ఒంటినే తిట్టుకున్నారు."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకు ఆవిడంటే ప్రాణం. అది అప్పుడు కూడా పోలేదు, దానికే నాకు అసహ్యం వేసింది.

"ఈ ఏడు కొవ్వు బంగారికి పెడుతున్నారు. ఆరో నెల" అన్నాను.

ఆవిడకి బంగారి తెలుసు. పుట్టినప్పుడు బొడ్డు కోసింది ఆవిడే. కిటికీ వైపు తిరిగి, "దాని వాటా కొంచెం తగ్గించి పెట్టు" అన్నారు.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి మెల్లగా చెప్పారు. "నువ్వు చెప్పినా నమ్మరు. నమ్మితే నిన్నే తంతారు. తినిపించింది నువ్వు."

అది మాత్రం పూర్తి నిజమే చెప్పారు.

7. పది రోజులు

పెదకాపు వీర్రెడ్డికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. గీతలు, విషం, లెక్కలు అన్నీ విన్నాడు. చివరికి, "మన కొవ్వు కళ్ళకద్దుకున్న మనిషి ఆవిడ. నీకూ ఆవిడకీ ఎక్కడో సెడింది. పెద్దోళ్ళ మద్దెన మాట పట్టింపులు పండగలోకి తేమాక" అన్నాడు. పొట్లాల సంగతి చెబితే, "తినకుండా దాసుకుందంటే మరీ అపురూపంగా సూసుకుందనే గదా?" అన్నాడు.

బంగారి దగ్గరకి వెళ్ళాను. తినొద్దే అని బతిమాలాను.

"పోయినేడు ఇంట్లో వాలుగ కొవ్వు తింటే వికారమంటే నువ్వే ముక్కు మూసి తినిపించావు పిన్నీ. ఇప్పుడు వద్దంటన్నావు. ఏ ముత్యాలుని నమ్మమంటావు?"

"ఇప్పటి ముత్యాలుని నమ్ము."

"నీకేం, సెప్పి పడవెక్కుతావు. అందరి ముందూ ఆకు తోసేస్తే బిడ్డకి దోసమంటారు. మా అత్త ఊరుకుద్దా? నీటికి మనిసినిచ్చిన ఇల్లయితే సరే, కాదనొచ్చు. మాదా?"

తిరిగొస్తుంటే గోరింక మొదలెట్టింది. తెడ్డు విసిరాను. తగల్లేదు.

8. రెండు రోజులు

వాలుగ పడింది. మనిషంత పొడుగు. అందరూ తెప్పలు ఊగేలా ఎగిరారు. ఎండలో దాని పొట్ట పసుపు పచ్చగా మెరిసింది. పండగ దాకా బతికుండాలని తాడు కట్టి నీళ్ళలోనే ఉంచారు.

నేను రెండు రోజులుగా అన్నం ముట్టలేదు, చేపా ముట్టలేదు. నీటికి మనిసినిచ్చిన ఇల్లయితే కాదనొచ్చని బంగారి అన్న మాటే తిరుగుతోంది బుర్రలో. అడ్డాకులు కోసుకొచ్చి కడిగి పెట్టాను. ఆకు వేసే పని నాదే గదా.

9. తొలిచేప

మిట్టమధ్యాహ్నం మేడమ్ పడవ వచ్చింది. వస్తారో రారో అనుకున్నాను. వచ్చారు. లెక్కకి పన్నెండో పొట్లం కావాలి గదా. నా కళ్ళలోకి చూడకుండా, మామూలుగానే నేల మీద కూర్చున్నారు. పక్కన బంగారి, ఆ పక్కన మూడో వాటా అందుకునే ముసలమ్మ. చుట్టూ ఊరు.

మూడు ఆకులు పరిచాను, అతిథిదే మొదటిది. కొవ్వు ముద్ద వేసి ముందు పెట్టాను. ఆవిడ రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకుని, కింద పెట్టి, ఆకు అంచులు మడవబోయారు. నేను ఆకు మీద చెయ్యి పెట్టాను.

"ఇక్కడే తినండి మేడమ్ గారూ."

"ఇంటికెళ్ళి..." అన్నారు.

"పదకొండేళ్ళు ఇంటికే పట్టుకెళ్ళారు. ఈ ఒక్కసారి మా ముందు తినండి. మావాళ్ళు మీరు తింటే చూడాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటన్నారు."

నిజమే గదా, అని ఎవరో అన్నారు. తినమ్మా, అంది ముసలమ్మ ఆప్యాయంగా. ఆవిడ వేళ్ళు కొవ్వు దాకా వెళ్ళాయి. ముద్ద ఎత్తారు. ఎత్తి, పక్కన చేతులు చాచుకుని తన వంతు కోసం కూర్చున్న బంగారిని చూశారు. ముద్దని ఆకులో పెట్టేసి వేళ్ళు చీర కొంగుకి తుడుచుకున్నారు. ఒకసారి కాదు, గట్టిగా, వేలు వేలూ తుడుచుకున్నారు.

"నా వల్ల కాదు ముత్యాలూ" అన్నారు.

అప్పుడే బుచ్చిరెడ్డి తెప్ప మీంచి గోరింక నా గొంతుతో పలికింది: అన్నం తగ్గించు, కల్లు మాను, చేప తిను.

ఎవరూ నవ్వలేదు.

ఆవిడ లేచి పడవ వైపు నడిచారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ సాగనంపలేదు. పెదకాపు ఆ ఆకు వైపే చూస్తున్నాడు. గీతలు నమ్మనివాడు తుడుచుకున్న వేళ్ళని చూశాడు. తలెత్తి, "అయినా తొలిచేప కాదనే అలవాటు లేదు మనకి. నీటికి మనిసినిచ్చిన ఇల్లయితే తప్ప" అన్నాడు. నా మీద ఎగిరినట్టు లేదు, దారి అడిగినట్టుంది.

"పండురెడ్డి మావని నీరే తీసుకుంది కాపూ" అన్నాను. "మా చెల్లెల్నీ నీరే తీసుకుంది. నీళ్ళలో ఉన్నది చేపలోకొచ్చి, చేపలోది వాళ్ళలోకొచ్చింది."

"పండురెడ్డి మంచం మీద పోయాడు గదా" అన్నాడు.

వెనకనుంచి నూకాలత్త లేచింది. "కాదు. నీటనే పోయాడు. మునగడానికి ఆరేళ్ళు పట్టింది, అంతే" అంది.

బుచ్చిరెడ్డి లేచి వాళ్ళ అన్న పేరు చెప్పాడు. ఇంకో మనిషి తల్లి పేరు చెప్పింది. ఒక్కొక్కళ్ళే లేచి పేరు చెప్పి కూర్చున్నారు. కాళ్ళు పోయినవాళ్ళు, కళ్ళు పోయినవాళ్ళు, మూత్రపిండాలు పోయినవాళ్ళు. బంగారి కూర్చునే ఉంది. "మా అమ్మ" అంది, చాచిన చేతులు వెనక్కి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. దాని అత్త ఏమీ అనలేదు.

ఆఖర్న పెదకాపు తన భార్య పేరు చెప్పాడు. చెప్పి, మూడు ఆకులూ తనే బోర్లించాడు.

10. మర్నాడు

పన్నెండేళ్ళు. అరవై రెండు ఇళ్ళు. ఎర్రదిబ్బ మీద అన్ని దుంపలు లేవు. మగవాళ్ళు పొద్దున్నే గునపాలు పట్టుకుని దిబ్బెక్కారు. పెదకాపు గట్టుకి వెళ్ళాడు, అక్కడ ఇజ్రాయేలుని వెంటబెట్టుకుని బియ్యం, ఆ ఏడు గీతలు అడగడానికి. ఇజ్రాయేలు ఉద్యోగం ఉంటుందో పోతుందో. బిడ్డకి ఇప్పటికే ఎంత చేరిందని బంగారి అడిగింది. నాకు తెలీదని చెప్పాను. పదకొండేళ్ళలో ఈ ఊళ్ళో నాకు తెలీదని చెప్పడం ఇదే మొదలు.

నేను పలక లేకుండా ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తలుపు తీశారు, కొందరు తియ్యలేదు. ఒకామె నా మొహాన నీళ్ళు కొట్టింది, తుడుచుకుని పక్క తెప్పకి వెళ్ళాను. ఆఖర్న నూకాలత్త దగ్గరకి వెళ్ళాను. దుంపలు చెక్కు తీస్తోంది.

"ఏదో రాసుకుంటన్నావంట గదా" అంది.

"అవునత్తా."

"ఆ డాక్టరమ్మ పేరుందా?"

"ఉంది."

"గిడ్డంగి?"

"ఉంది."

"ముసలోడు గుప్పెడు అన్నం అడిగాడు, ముత్యాలు పెట్టనివ్వలేదు. అదుందా?"

మొదటి పేజీ తీసి చూపించాను. అత్తకి చదువు రాదు. "సదువు" అంది. చదివాను. మావ అన్నం అడగడం, నేను వద్దనడం, చేప పులుసు తాగించమనడం, అంతా చదివాను. రూలు ప్రకారమే చెప్పాను అన్న ముక్క దగ్గర కత్తి ఆపింది.

"అది కొట్టెయ్యి."

కొట్టేశాను.